బహిరంగ లేఖ: వరద నీళ్ళలో ఏం కలిసిందో ఎవరు రాసుకుంటారు?

వరంగల్, హనుమకొండ జిల్లాల్లో విపత్తుల పని చూసే అధికారులకు, వార్డుల బాధ్యులకు, నాలాగే పురుగుమందుల షాపులు, గోదాములు నడుపుకునే తోటి వ్యాపారులకు నమస్కారం.

ముందు నా సంగతి చెప్తాను, లేకపోతే "నీకెందుకయ్యా ఇదంతా" అంటారు. నాది విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల షాపు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే బతుకు. షాపు మెయిన్ రోడ్డు మీద ఉంటుంది, గోదాం మాత్రం వెనక గల్లీలో ఒక బిల్డింగు సెల్లార్‌లో. కిరాయి తక్కువని తీసుకున్నాను. ఆ గల్లీ చివర నాలా. 2023 జూలై 27 తెల్లవారుజామున నాలా పొంగింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64.98 సెంటీమీటర్ల వాన పడ్డది, భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరికి ఊరే మునిగి జనం ఇంటికప్పుల మీదికెక్కింది ఆ రోజే. మా దగ్గర అంత ఘోరం కాలేదు. కానీ సెల్‌ఫోన్ లైటు పట్టుకుని సెల్లార్ మెట్ల దగ్గర నిలబడి చూస్తే నడుం దాకా నీళ్ళు, నీళ్ళ మీద అట్టపెట్టెలు, పెట్టెల్లోంచి జారిన సీసాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తూ తిరుగుతున్నాయి. ఎర్ర త్రికోణం డబ్బాలు కూడా ఉన్నాయి అందులో. ఎర్ర త్రికోణం అంటే ఏంటో రైతులకు తెలుసు, అన్నిటికంటే విషం ఎక్కువున్నది అని. పసుపు, నీలం, ఆకుపచ్చ ఆ తర్వాత.

నీళ్ళు తీశాక నాకు దొరికిన సరుకు సగానికి కొంచెం ఎక్కువ. మిగతాది ఎక్కడికి పోయిందో మీకు తెలుసు, నాకు తెలుసు. నాలాలోకి, పక్క ఇళ్ళలోకి, ఆ కింది కాలనీకి.

ఆ తర్వాత సర్వే వాళ్ళు వచ్చారు. మంచివాళ్ళే, బురదలో చెప్పులు చేతిలో పట్టుకుని తిరిగారు పాపం. ఏ ఇంట్లో ఎన్ని అడుగులు నీళ్ళు వచ్చాయి, గోడ పడిందా, బియ్యం తడిశాయా, టీవీ పోయిందా, అన్నీ రాసుకున్నారు. నా గోదాం దగ్గర "నష్టం ఎంత?" అని అడిగారు. రూపాయల్లో చెప్పాను, రాసుకున్నారు. "ఏ మందులు కొట్టుకుపోయాయి" అని అడగలేదు. నేనే చెప్పబోతే, "ఆ కాలమ్ లేదు సార్" అన్నాడు ఆ పిల్లవాడు. అప్పటికి నేను కూడా ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే లైసెన్స్ సంగతి ఎక్కడ బయటికొస్తుందో అని టెన్షన్.

మూడో రోజు మా గల్లీలో ఒక అవ్వ నా డబ్బా ఒకటి కడిగి ఆరబెట్టుకుంది. మూత గట్టిగా పడుతుంది, నూనె పోసుకోవచ్చు అని. గుంజుకుంటే తిట్టింది నన్ను. ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. తర్వాత మూడు ఆఫీసుల్లో అర్జీ ఇచ్చాను. పేర్లు రాయను, ఎవరి మీదా కోపం తీర్చుకోవడానికి రాయడం లేదు ఇది. ఒక చోట "ఇది వ్యవసాయం వాళ్ళది" అన్నారు, ఇంకో చోట "ఇది కాలుష్యం వాళ్ళది" అన్నారు, మూడో చోట రసీదు ఇచ్చారు, ఆ రసీదు నా దగ్గర ఇప్పటికీ ఉంది. 2025 అక్టోబర్ ఆఖర్లో మొంథా తుఫాను వానకు నగరం మళ్ళీ మునిగింది. ఈసారి నా సరుకు మొదటి అంతస్తులో ఉంది కాబట్టి నాది పోలేదు. కానీ అదే నాలా వెంట మిగతా వాళ్ళ గోదాములు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. మా కాలనీ పేరు మాత్రం రాయట్లేదు. రాస్తే కిరాయికి ఎవరూ రారని మా ఇంటి ఓనర్లందరూ బతిమిలాడారు. అది కూడా ఒక బాధే కదా.

నేను అడిగేది ఒక్కటే. ఏ గల్లీ మునుగుతుందో మీ దగ్గర లెక్క ఉంది. ఆ గల్లీలో ఏ విషం నిల్వ ఉందో, అది బయటపడితే ఎటు పోతుందో, అటు ఎవరు ఉంటున్నారో, వాళ్ళు లేచి పోగలరో లేదో, ఈ లెక్క లేదు. ఇది తయారు చేయండి. వాన రాకముందే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన బాధ్యత కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టంలోనే ఉంది, జిల్లాలో ఏ ప్రాంతాలకు ఏ ముప్పు ఉందో గుర్తించాలని, జిల్లా ప్రణాళికలో రాయాలని, దాన్ని ఏటా సరిచూడాలని. రసాయనాల సంగతికి వేరే నిబంధనలు కూడా ఉన్నాయి, 1989 నాటివి, 1996 నాటివి. 1996 నిబంధనల ప్రకారం జిల్లా స్థాయిలో ఒక సంక్షోభ బృందం ఉండాలి, అది 45 రోజులకోసారి కూర్చోవాలి. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ నిబంధనలు పెద్ద ఫ్యాక్టరీలను చూసి రాసినవి. ఇన్ని టన్నులు దాటితేనే లెక్కలోకి వస్తారు. రామగుండంలో ఎరువుల కర్మాగారం, కరెంటు ప్లాంటు లాంటివి అందులోకి వస్తాయి. సైరన్, మాక్ డ్రిల్, చుట్టుపక్కల జనానికి ముందే చెప్పడం, ఇవన్నీ వాటికి రాసి ఉన్నాయి. నా సెల్లార్ రాదు. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఒక్కోదాంట్లో ఉండే అమోనియా గ్యాసు ఆ గీత కిందే ఉండొచ్చు. బ్యాటరీ షాపు రాదు, పాత సామాను షాపు రాదు, ఐస్ ఫ్యాక్టరీ రాదు. ఒక్కొక్కటీ చిన్నదే. కానీ వరదకు చిన్నా పెద్దా తేడా ఏముంది, ఒకే నాలా మీద పది చిన్నవి ఒకే రాత్రి మునుగుతాయి.

మొన్న ఆదివారం నేను, మా కాలనీ పిల్లలు నలుగురు, రిటైరైన ఒక సైన్సు సారు కలిసి నాలా వెంట అర కిలోమీటరు నడిచి చూశాం. నాతో కలిపి పురుగుమందుల గోదాములు మూడు, ఎరువుల గోదాం ఒకటి, లారీ బ్యాటరీలు రిపేరు చేసే షెడ్లు రెండు, ఇనుప సామాను షాపులు, ఇత్తడికి మెరుగు పెట్టే చిన్న షెడ్డు ఒకటి (వెనక నీలి రంగు నీళ్ళ డ్రమ్ములు), పెట్రోల్ బంకు ఒకటి. వీటి మధ్యలో అంగన్‌వాడీ. రెండు గంటల పని. మేము ఆరుగురం చేశాం.

ఇప్పుడు దీనివల్ల మామూలు జనానికి ఏమవుతుందో చెప్తాను. ఇందులో కొన్ని నేను కళ్ళారా చూసినవి, కొన్ని ఆ సైన్సు సారు చెప్తే తెలిసినవి.

1. సంపులు. మన ఊళ్ళో నల్లా నీళ్ళు ముందు సంపులో పడతాయి, అక్కడి నుంచి మోటార్‌తో పైకి. సంపు మూత నేలకు సమానంగా ఉంటుంది. వీధిలో అడుగు నీళ్ళు నిలబడితే చాలు, మోరీ నీళ్ళన్నీ సంపులోనే. వరద తగ్గాక మైకులో చెప్పారు, "నీళ్ళు కాచి చల్లార్చి తాగండి" అని. అది సరైన మాటే, రోగాలకు. కానీ కాచితే క్రిములు చస్తాయి, పురుగుమందు పోదు. యూరియా, డీఏపీ కరిగి నీళ్ళలో నైట్రేట్ అయితే కాచిన కొద్దీ నీళ్ళు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. బ్లీచింగ్ పౌడర్ చల్లినా, పటిక తిప్పినా అంతే. నల్లా దగ్గర చుక్క మందు వేసి పసుపు రంగు వచ్చిందా అని చూస్తారే, అది క్లోరిన్ ఉందో లేదో చెప్తుంది, మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉందో లేదో చెప్పదు. మోనోక్రోటోఫాస్ అయితే నీళ్ళలో పూర్తిగా కలిసిపోతుంది, రంగు చూసి కనిపెట్టలేం. మా ఎదురింటి చెల్లె ఆ వారం రోజులు కాచిన నీళ్ళతోనే చంటిపిల్లకు పాలు కలిపింది, చెప్పినట్టే చేసింది కదా. ఆ పిల్లకు ఏమీ కాలేదు, దేవుడి దయ. ఆ నీళ్ళలో ఏముందో మాత్రం ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

2. బురద. దీని గురించి ఎవరూ మాట్లాడరు. నీళ్ళు పోయాయి కదా, ప్రమాదం పోయింది అనుకుంటాం. క్లోర్‌పైరిఫాస్ లాంటి మందులు నీళ్ళలో పెద్దగా కరగవు, మట్టిని పట్టుకుంటాయి. అంటే నీళ్ళు నాలాలోకి పోయినా మందు మాత్రం మన వాకిట్లో బురదలో కూర్చుంటుంది. ఆ బురదను ఎత్తేది ఎవరు? ఇంట్లో ఆడవాళ్ళు, వీధిలో పారిశుద్ధ్య కార్మికులు. మా గల్లీకి వచ్చిన వాళ్ళలో ఒకామెకు గ్లౌజులు లేవు, ఒక చేతికి ప్లాస్టిక్ కవర్ కట్టుకుంది. మధ్యాహ్నానికి ఇద్దరు వాంతులు చేసుకుని గోడకు ఆనుకున్నారు. "పొద్దుటి నుంచి ఏం తినలే సారూ, అందుకే" అన్నారు. అందుకే కావచ్చు. నా మందు వల్ల కూడా కావచ్చు. ఎండాక ఆ బురద దుమ్మై లేస్తుంది, పిల్లలు అందులోనే గోళీలాడతారు, నోట్లో వేలు పెట్టుకుంటారు. పెద్దవాళ్ళకు తగిలేదానికీ పిల్లలకు తగిలేదానికీ తేడా ఉంది, వాళ్ళ ఒళ్ళు చిన్నది, నేలకు దగ్గరగా ఉంటారు.

3. గాలి. నీళ్ళ నుంచి తప్పించుకోవాలంటే పైకెక్కుతాం. గాలి అట్లా కాదు. క్లోరిన్ గ్యాసు గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, అది పల్లానికి పోయి కూర్చుంటుంది, అంటే సరిగ్గా వరద నీళ్ళు నిలిచిన చోటికే. అమోనియా మామూలుగా తేలికే, కానీ ట్యాంకు నుంచి ఒక్కసారిగా బయటపడ్డప్పుడు చల్లగా, తేమతో కలిసి పొగమంచులా నేల మీదే పాకుతుంది. కోల్డ్ స్టోరేజీకి రోజంతా కరెంటు పోతే కంప్రెసర్లు ఆగుతాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది, సేఫ్టీ వాల్వు వదలాల్సి వస్తే వదిలేది బయటికే. జనరేటర్ ఉంటుంది అంటారు. జనరేటర్ ఎక్కడ పెట్టారో చూశారా? చాలా చోట్ల నేల మీదే.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే భయం వేసేది. గోదాముల్లో, రైస్ మిల్లుల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. తడి తగిలితే ఫాస్ఫీన్ వస్తుంది, పీలిస్తే ప్రాణం తీసే గ్యాసు, కొన్నిసార్లు దానంతట అదే అంటుకుంటుంది కూడా. మూసిన గదిలో నీళ్ళు దూరితే ఏమవుతుందో ఆలోచించండి. సరుకు కాపాడుకుందామని తెల్లారి మొదట తలుపు తీసేది ఓనర్ కాదు, హమాలీ.

ఇవన్నీ కథలనుకోవద్దు. 2002 ఆగస్టులో చెక్ దేశంలో ఎల్బే నది పొంగి నెరాటోవిట్సే అనే ఊళ్ళో రసాయనాల ఫ్యాక్టరీ మునిగితే క్లోరిన్ బయటపడింది. 2017 ఆగస్టులో అమెరికాలో హార్వీ తుఫానుకు టెక్సాస్‌లోని క్రాస్బీ దగ్గర ఒక ఫ్యాక్టరీలో కరెంటు పోయి, జనరేటర్లు మునిగి, చల్లగా ఉంచాల్సిన పెరాక్సైడ్లు వేడెక్కి అంటుకున్నాయి. చుట్టుపక్కల 200 మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. అంత దూరం ఎందుకు, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకు చెన్నై ఎన్నూరులో వరద నీళ్ళతో కలిసి నూనె తెట్టు జాలర్ల పడవలకు, వలలకు, ఇంటి గోడలకు పట్టుకుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ అనే రసాయనం ఆవిరికి నిద్రలోనే జనం కుప్పకూలారు, అక్కడ వానా లేదు, తుఫానూ లేదు. రోడ్లు బాగున్న రోజే అట్లా అయితే, నడుం లోతు నీళ్ళున్న రాత్రి ఎటు పరుగెత్తాలి?

4. ఎవరు కదలగలరు, ఎవరు కదల్లేరు. మా గల్లీలో పై అంతస్తుల్లో ఓనర్లు, కింద గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళు. నాలా గట్టు మీద రేకుల ఇళ్ళు, వాటికి ఇంటి నంబరు లేదు, అందుకే లిస్టులో లేవు. చెరువు శిఖంలో (చెరువు నీళ్ళు నిలిచే జాగాలో) కట్టుకున్నారు కాబట్టి వాళ్ళు ఉన్నారని రాస్తే పట్టా అడుగుతారేమో అని అధికారులకు భయం, రాయకపోతే పరిహారం రాదని వాళ్ళకు భయం. రైస్ మిల్లుల వెనక షెడ్లలో బిహార్ నుంచి వచ్చిన హమాలీలు ఉంటారు, మైకులో తెలుగులో చెప్పింది వాళ్ళకు అర్థం కాదు, మీరు పంపే మెసేజ్ వాళ్ళు చదవలేరు. మంచం మీదున్న ముసలివాళ్ళు, డయాలసిస్ వాళ్ళు, నెలలు నిండిన ఆడవాళ్ళు, చెవులు వినపడని మా టైలర్ బాబాయ్ (మొన్న రాత్రి రెండు గంటలకు ఆయన తలుపు కాలితో తన్ని లేపాం). వీళ్ళ పేర్లు మా గల్లీ ఆశ వర్కర్ అక్కకు నోటికి వచ్చు. ఏ కంప్యూటర్‌లోనూ లేవు. అమెరికాలో జనగణన వివరాల్లోంచి పేదరికం, వయసు, బండి ఉందా లేదా, భాష వచ్చా, ఎట్లాంటి ఇల్లు అని 16 అంశాలు తీసి ఏ ప్రాంతం జనం ఎంత బలహీనంగా ఉన్నారో మ్యాపు గీస్తారట. మనకు ఆ లెక్కలన్నీ దొరక్కపోవచ్చు, ఆశ అక్క ఉంది కదా.

5. దవాఖాన. ఎంజీఎం దవాఖానకు తీసుకుపోతే డాక్టరు మొదట అడిగేది "ఏం మందు?" అనే. చెమటలు, నోట్లో చొంగ, కంటిపాపలు చిన్నవి కావడం చూసి పురుగుమందని పట్టుకుంటారు, అట్రోపిన్ ఇస్తారు. కానీ తాగినవాడికైతే సీసా పక్కన దొరుకుతుంది. వరద నీళ్ళలో రెండు గంటలు నిలబడి సామాను ఎత్తినవాడికి సీసా ఎక్కడిది? హెల్త్ క్యాంపులో మా వాళ్ళకు జ్వరం బిళ్ళ, ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇచ్చి పంపారు.

6. చెరువులు. మనవి కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో దానికి. పంటకు ఎంత మంచి ఏర్పాటో, విషం బయటపడ్డ రోజు అంత చెడ్డ దారి. 2023 వరదప్పుడు కింది చెరువులో చేపలు తేలాయి. వరద నీళ్ళకు ఊపిరాడక తేలాయని కొందరు, మందని కొందరు. పరీక్ష ఎవరూ చేయలేదు కాబట్టి రెండూ పుకార్లే. కానీ చేపలు పట్టే వాళ్ళ దగ్గర రెండు నెలలు ఎవరూ కొనలేదు, అది మాత్రం పుకారు కాదు.

ఇక నేను అడిగేవి. గొంతెమ్మ కోరికలు కావు.

1. వచ్చే వానాకాలం లోపల ప్రతి నాలా వెంట, ప్రతి చెరువు కింద నడిచి లెక్క తీయండి. మూడు విషయాలు చాలు: ఏం నిల్వ ఉంది, నేల నుంచి ఎంత ఎత్తున ఉంది, కింద ఎవరున్నారు. టన్నుల గీత పెట్టుకోవద్దు. పదిహేను సీసాల ఎర్ర త్రికోణం మందు ఉన్నా రాయండి. మొదట హంటర్ రోడ్డు వైపు బొందివాగు పొంగే కాలనీలు, నయీంనగర్ నాలా వెంట, ఎనుమాముల మార్కెట్ చుట్టూ మొదలుపెట్టండి. ఎక్కడ మునుగుతుందో 2020లో, 2023లో, 2025లో చూసే ఉన్నారు, కొత్తగా సర్వే టెండర్ పిలవాల్సిన పని లేదు.

2. లైసెన్స్ ఇచ్చేటప్పుడు, రెన్యువల్ చేసేటప్పుడు గోదాం వరద మట్టానికి పైన ఉందా అని అడగండి. నన్ను పద్దెనిమిదేళ్ళలో ఒక్కరూ అడగలేదు. సెల్లార్లలో పురుగుమందుల నిల్వ ఆపించండి. ఇది రాసినందుకు మా వ్యాపారుల్లోనే నా మీద కోపం వస్తుందని తెలుసు. "మన పొట్ట మీద మనమే కొట్టుకోవాలా" అని ఒకాయన ఇప్పటికే ఫోన్ చేశాడు. అన్నా, నా సరుకు పైకి మార్చడానికి నాకు నెలకు కిరాయి కొంచెం పెరిగింది, హమాలీ ఖర్చు పెరిగింది, అంతే. 2023లో నేను పోగొట్టుకున్న సరుకు లెక్కేస్తే ఇది ఏ మూలకూ రాదు. చిన్న షాపుల వాళ్ళకు ఎత్తైన చోట మార్కెట్ గోదాముల్లో తక్కువ కిరాయికి కొంత జాగా ఇప్పించండి, అప్పుడు ఎవరూ మారం చేయరు.

3. వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ ఇస్తే దాంతో పాటు ఒక పని జరగాలి: ఆ లిస్టులో ఉన్న గోదాములకు, కోల్డ్ స్టోరేజీలకు ఫోన్ పోవాలి, సరుకు పైకెత్తారా, జనరేటర్ పైన ఉందా, ఫాస్ఫైడ్ బిళ్ళలు పొడిగా ఉన్నాయా అని. ఎత్తకపోతే ఎవరో వచ్చి నిలబడి ఎత్తించాలి.

4. ఏ గ్యాసుకు ఎటు పోవాలో ఆ గల్లీ వాళ్ళకు ముందే చెప్పండి. క్లోరిన్‌కు పైకి పోవాలి, గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా పోవాలి, అమోనియాకు తడిగుడ్డ ముక్కుకు పెట్టుకుంటే కొంత ఆగుతుంది, ఇవి పోస్టర్ కంటే ఒక డప్పు చాటింపుతో బాగా ఎక్కుతాయి. తెలుగుతో పాటు ఉర్దూలో, హిందీలో కూడా. గల్లీకి ఒకరిద్దరు పిల్లలను పెట్టండి, ఎవరి తలుపు తన్నాలో వాళ్ళకు తెలియాలి.

5. వరద తగ్గిన తర్వాత నీళ్ళ శాంపిల్‌తో పాటు బురద శాంపిల్ తీయండి, క్రిములకే కాదు, ఆ నాలా వెంట ఏ మందులు నిల్వ ఉన్నాయో వాటికి. లిస్టు ముందే ఉంటే ల్యాబ్‌కు ఏం వెతకాలో తెలుస్తుంది, లేకపోతే వాళ్ళైనా ఏం చేస్తారు. ఫలితం వచ్చేదాకా ఆ గల్లీలకు ట్యాంకర్ నీళ్ళు. ఫలితం ఏదైనా సరే బయట పెట్టండి, బాగుంది అని తేలినా పెట్టండి, మాకు నిద్ర పడుతుంది.

6. బురద ఎత్తే వాళ్ళకు గ్లౌజులు, బూట్లు, పని అయ్యాక స్నానానికి నీళ్ళు. దీనికి ఏ సర్వే అక్కర్లేదు. రేపే ఇవ్వొచ్చు.

7. వరంగల్ జిల్లా, హనుమకొండ జిల్లా వాళ్ళు ఈ ఒక్క పనికి కలిసి కూర్చోండి. 2021లో పేర్లు మారాయి, ఆఫీసులు వేరయ్యాయి, కానీ నాలా ఒక జిల్లాలో మొదలై ఇంకో జిల్లాలో తేలుతుంది. నా అర్జీ మూడు చోట్ల తిరగడానికి సగం కారణం అదే అని నా అనుమానం.

పైసల సంగతి అడుగుతారు. నాలా మీద రిటైనింగ్ వాల్ కట్టడానికి అయ్యే ఖర్చులో ఇది చిల్లర. గోడలు వద్దనడం లేదు, కట్టండి. గోడ దాటి నీళ్ళు వచ్చిన రాత్రి గోడ వెనక ఏముందో కూడా తెలుసుకోండి అంటున్నాను.

రామగుండం, భూపాలపల్లి వైపు వాళ్ళు కూడా ఈ లేఖ చదివితే, మీ దగ్గర బూడిద చెరువుల కట్టలు, గనుల నీళ్ళు ఉన్నాయి. వాటి గురించి నాకంటే మీకే బాగా తెలుసు, మీరూ రాయండి.

నా వంతుగా ఒక పని చేశాను. నా గోదాంలో ఈ రోజు ఏ మందు ఎన్ని లీటర్లు ఉందో, అది ఏ రంగు త్రికోణమో, ఎవరికైనా తగిలితే డాక్టరుకు ఏం పేరు చెప్పాలో తెలుగులో రాసి షాపు షట్టర్ మీద, అంగన్‌వాడీ గోడ మీద అంటించాను. పదిహేను రోజులకోసారి మారుస్తాను. మేము గీసిన నాలా మ్యాపు కూడా షాపులోనే ఉంది, స్కెచ్ పెన్నుతో గీసిందే, ఒకటి రెండు చోట్ల తప్పులుండొచ్చు. మీ దగ్గర నుంచి ఎవరైనా వస్తే ఫోటో తీసుకోండి. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉంటాను. నాలా వెంట నడవాలంటే మాత్రం ఆదివారం రండి, షాపు బంద్ ఉంటుంది, నేనే తిప్పి చూపిస్తాను. కొంచెం పాత చెప్పులు వేసుకుని రండి.

ఇట్లు,
నాలా పక్క గల్లీలో ఒక పురుగుమందుల షాపు ఓనరు,
వరంగల్